రేవు ఎవరిది? సమ్మతి ఎవరు ఇవ్వాలి?

పాపికొండల జలమార్గంలో రేవుల పునర్నిర్మాణానికి చట్టాల చిక్కుముడి
* అడవి, ముంపు, జాతీయ జలమార్గం, ఏజెన్సీ హక్కులు అన్నీ ఒకే గట్టుపై
* పడవకు నిబంధనలున్నాయి... రేవు ఊరిని అడగాలన్న నిబంధన మాత్రం కరవు

భద్రాచలం: పాపికొండల యాత్రకు టికెట్టు తెలంగాణలోని భద్రాచలంలో కొంటారు. పడవ ఆంధ్రప్రదేశ్‌లోని వరరామచంద్రాపురం (వీఆర్ పురం) మండలం పోచవరంలో ఎక్కుతారు. దర్శనానికి దిగే పేరంటపల్లి ఎదుటి గట్టున, వేలేరుపాడు మండలంలో, మరో జిల్లాలో ఉంది. ఒక్కరోజు విహారంలో రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు, మూడు ఐటీడీఏల పరిధులు దాటి వచ్చే యాత్రికునికి ఈ తేడా ఏమీ తెలియదు. ఆయనకు కనిపించేది ఒక్కటే. ఇసుక తిన్నె మీద నుంచి బల్ల చెక్క ఆసరాతో పడవలోకి ఎక్కాలి, తిరిగి అదే చెక్క మీద నుంచి దిగాలి. ఎండకు నీడ లేదు, వృద్ధులకు పట్టుకునే ఆధారం లేదు.

ఈ రేవులను పక్కాగా పునర్నిర్మించాలన్న మాట యాత్రికుల నోట, పడవల యజమానుల నోట ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. 2015 తర్వాత పన్నెండేళ్లకు, 2027లో వచ్చే గోదావరి పుష్కరాలు ఈ మాటకు బలం చేకూర్చాయి. నిధులు ఎక్కడి నుంచి వస్తాయన్నదే అందరూ అడిగే ప్రశ్న. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటుంది. ఈ గట్టున ఒక్క స్తంభం పాతాలన్నా ఎవరి సమ్మతి కావాలి? ఆ సమ్మతి చట్టబద్ధంగా ఎలా పొందాలి?

దీవులు కాని దీవులు

భద్రాచలం దిగువన కూనవరం వద్ద శబరి నది గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి నది క్రమంగా కొండల నడుమకు ప్రవేశించి సన్నబడుతుంది. ఎడమ గట్టున పోచవరం, తుమ్మిలేరు, కొల్లూరు, గొందూరు వంటి గ్రామాలు, కుడి గట్టున కొయిద, కాకిస్‌నూరు, టేకుపల్లి, పేరంటపల్లి వంటి గ్రామాలు ఉన్నాయి. కోయలు, కొండరెడ్లు ఇక్కడి ప్రధాన గిరిజన తెగలు. వీరిలో కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా రక్షణ పొందవలసిన ఆదిమ గిరిజన సమూహంగా గుర్తించింది.

భౌగోళికంగా ఇవి దీవులు కావు. అయితే వరద వచ్చినప్పుడు శబరి ఎగదన్ని రహదారులను ముంచేస్తుంది. వెనుక కొండ, ముందు నది. ఆ రోజుల్లో ఈ గ్రామాలు దీవులకు ఏమాత్రం తీసిపోవు. రేషను బియ్యం, మందులు, పురుటికి వెళ్లే తల్లులు... అన్నీ నది మీదనే రావాలి, పోవాలి. పర్యాటకునికి రేవు ఒక మజిలీ. ఈ ఊళ్లకు రేవే ఊరి వాకిలి. పునర్నిర్మాణం గురించి చర్చించేటప్పుడు ఈ తేడాను మరువరాదు.

సరిహద్దుగా మొదలైన నది

ఈ గట్టుకు పాలనాపరమైన గందరగోళం కొత్త కాదు. 1956కు పూర్వం ఇక్కడ గోదావరే సరిహద్దు. కుడి గట్టు నిజాం రాజ్యంలోను, తర్వాత హైదరాబాదు రాష్ట్రంలోను ఉండగా, ఎడమ గట్టున భద్రాచలం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ కింద, అనంతరం ఆంధ్ర రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రావతరణ తర్వాత కూడా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే కొనసాగి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 1965లో భద్రాచలం వద్ద వంతెన ప్రారంభమయ్యే దాకా రామయ్య భక్తులకు పడవలే గతి.

2014లో మరో మలుపు. పోలవరం ముంపు ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌లో ఉంచేందుకు మే నెలాఖరులో ఆర్డినెన్స్ వెలువడింది. జులైలో పార్లమెంటు దానికి ఆమోదముద్ర వేసింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతో పాటు బూర్గంపాడులో కొంత భాగం, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఆలయం, బస్సులు, బస, టికెట్టు కౌంటర్లు తెలంగాణలో మిగిలాయి. రేవులు ఆంధ్రప్రదేశ్‌కు చేరాయి. ఆ తర్వాత జిల్లాల పేర్లు, కేంద్రాలు మారాయి. ఎడమ గట్టు గ్రామాలు చింతూరు ఐటీడీఏ పరిధిలోకి, కుడి గట్టు గ్రామాలు కోట రామచంద్రాపురం ఐటీడీఏ పరిధిలోకి వెళ్లాయి.

ఇదే సందర్భంలో గమనించదగిన అంశం మరొకటుంది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 90వ సెక్షన్ పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ప్రాజెక్టుకు తెలంగాణ రాష్ట్రం సమ్మతి ఇచ్చినట్లే భావించాలని అందులోనే రాసి ఉంది. అప్పటికి ఆ రాష్ట్రం ఇంకా అవతరించలేదు. పుట్టబోయే రాష్ట్రం తరఫున చట్టమే ముందుగా సమ్మతి రాసిపెట్టింది. జాతీయ అవసరం పేరిట దానికి సమర్థన ఉండవచ్చు. అయినా సమ్మతి అంటే అడిగి పొందేది కాదు, కాగితం మీద భావించేది అన్న అలవాటు ఈ ప్రాంతానికి అక్కడి నుంచే బలంగా సంక్రమించింది. రేవుల విషయంలోనూ అదే పునరావృతం కాకూడదన్నదే ఇప్పటి ఆందోళన.

ప్రమాదాలు నేర్పిన పాఠం... సగమే

ఈ జలమార్గంలో ప్రమాదాల చరిత్ర అందరికీ తెలిసినదే. 2018 మే 11న దేవీపట్నం సమీపంలో పర్యాటక బోటు అగ్నికి ఆహుతైంది. నూరు మందికి పైగా ఉన్న ప్రయాణికులు అదృష్టవశాత్తు బయటపడ్డారు. నాలుగు రోజులు తిరగకముందే, మే 15న, మంటూరు వద్ద లాంచీ మునిగి పలువురు జలసమాధి అయ్యారు. అది విహార నౌక కాదు. పనులు చూసుకుని ఇళ్లకు తిరిగి వెళ్తున్న మన్యం వాసులు రోజూ ఎక్కే లాంచీ. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందులోని 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. నది ఉరవడిలో ఉండగా బోటును అనుమతించడమే అప్పట్లో ప్రధాన విమర్శ. ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును వెలికితీసింది.

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం మేల్కొంది. బోట్ల రాకపోకలను నిలిపివేసి నిబంధనలను సమీక్షించింది. 2020 జూన్‌లో రాష్ట్రవ్యాప్తంగా తొమ్మిది బోటు కంట్రోల్ రూములకు శంకుస్థాపన జరిగింది. వాటిలో పోచవరం, పేరంటపల్లి, గండి పోచమ్మ రేవులు ఉన్నాయి. ఎవరు ఎక్కారు, ఎందరు ఎక్కారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా, నీటిమట్టం ఎంత అన్న లెక్క రేవులోనే తేలాలన్నది వాటి ఉద్దేశం. 2021లో పార్లమెంటు ఆమోదించిన దేశీయ నౌకల చట్టం, 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది. యంత్రంతో నడిచే ప్రతి పడవకు రిజిస్ట్రేషన్, సర్వే ధ్రువపత్రం, సరంగుకు అర్హత పత్రం, బీమా తప్పనిసరి చేసింది. యంత్రం లేని నాటు పడవల నమోదును స్థానిక సంస్థల చేతికి ఇచ్చింది.

ఇవన్నీ స్వాగతించదగినవే. అయితే గమనిస్తే, ఈ నియమాలన్నీ పడవ చుట్టూ అల్లుకున్నవి. రేవు సంగతి అలా కాదు. 2017 నవంబరు 12న విజయవాడ వద్ద భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమానికి వస్తున్న అనుమతి లేని పడవ బోల్తా పడి 20 మందికి పైగా మృత్యువాత పడ్డారు. దీవికి అధికారిక రేవు ఉంది, అధికారిక బోట్లు ఉన్నాయి. అయినా అనుమతి లేని పడవ ప్రయాణికులను ఎక్కించుకోగలిగింది. రేవుపై అజమాయిషీ ఎవరిదన్న ప్రశ్నకు ఒక్కరే సమాధానం చెప్పలేని చోట ప్రమాదం పొంచి ఉంటుందని అది చాటింది. పోచవరం రేవు విషయంలో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేవారు ఒకరు కాదు, అరడజను మంది.

ఒక్క గట్టు... ఆరు తలుపులు

పక్కా రేవు కట్టాలంటే తట్టవలసిన తలుపులను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది జాతీయ జలమార్గం. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం వరకు 171 కిలోమీటర్ల గోదావరి 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగం. 2016 చట్టం దీనిని ఎగువన నాసిక్ వరకు పొడిగించింది. ఈ మార్గంలో రేవులు, జెట్టీలు కట్టాలంటే భారత అంతర్గత జలమార్గాల ప్రాధికార సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం పొందాలని 2025లో వెలువడిన నిబంధనలు చెబుతున్నాయి. ప్రభుత్వ సంస్థలే కాక ప్రయివేటు వారూ దరఖాస్తు చేయవచ్చు. ఇప్పటికే ఉన్న రేవులు కూడా వీటి పరిధిలోకి వస్తాయి. శాశ్వత రేవులు, తాత్కాలిక రేవులు అని రెండు తరగతులు చేశారు. తాత్కాలిక రేవుకు తొలుత అయిదేళ్ల గడువు, ఆపై పొడిగింపు.

రెండోది పోలవరం. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. తొలిదశలో 41.15 మీటర్ల వరకు ముంపునకు గురయ్యే గ్రామాలకు పునరావాసం తలపెట్టారు. ముంపు కింద సేకరించిన భూమి ప్రాజెక్టుకు చెందుతుంది. అక్కడ నిర్మాణమంటే జలవనరుల శాఖ ఔననాలి. ప్రాజెక్టు వద్ద అడ్డుకట్టలు పడ్డాక రాజమహేంద్రవరం నుంచి నేరుగా లాంచీ పైకి రావడం లేదు. దిగువ నుంచి వచ్చే యాత్రికులు గండి పోచమ్మ వద్ద, ఎగువ నుంచి వచ్చేవారు పోచవరంలో బోటు ఎక్కవలసిందే. అందువల్ల ఈ రెండు రేవులపై ఒత్తిడి మరింత పెరిగింది.

మూడోది అడవి. రేవు స్థలం, దానికి వచ్చే దారి, వాహనాలు నిలిపే చోటు రిజర్వు అడవిలో ఉంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి పొందాలి. 2023లో సవరించి పేరు మార్చిన ఈ చట్టం, ఆమోదిత అటవీ ప్రణాళికలో చేర్చిన పర్యావరణ పర్యాటక వసతులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. అంతమాత్రాన ప్రతి కట్టడమూ పర్యావరణ పర్యాటకం కిందికి రాదు.

నాలుగోది వన్యప్రాణి చట్టం. పాపికొండల అభయారణ్యాన్ని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. రేవు స్థలం పార్కు హద్దు లోపలిదా, వెలుపలిదా అన్నది సర్వే రాయి దగ్గర తేలవలసిన విషయం. లోపలైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. వాణిజ్య వసతి గృహాల వంటి వాటికి జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం ఉండి తీరాలి.

అయిదోది ఏజెన్సీ భూమి చట్టం. ఇది అయిదో షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ చట్టం, దానికి 1970లో తెచ్చిన సవరణ, అంటే మన జిల్లా వాసులందరికీ తెలిసిన 1/70, ఇక్కడ అమలులో ఉన్నాయి. గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. విశాఖ మన్యంలోని గనుల లీజులపై సమతా సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు చారిత్రాత్మక తీర్పు వెలువరించింది. ఈ చట్టం దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక వ్యక్తే. కనుక షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని స్పష్టం చేసింది. రేవును కట్టి, ప్రయివేటు గుత్తేదారుకు ఏళ్ల తరబడి అప్పగిద్దామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే, ఈ తీర్పు అడ్డుగా నిలుస్తుంది. ప్రభుత్వ సంస్థ గాని, గిరిజన సహకార సంఘం గాని నిర్వహించవలసిందే.

ఆరోది గ్రామసభ. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అడగాలా? అడగనక్కర లేదా?

గ్రామసభ సమ్మతి గురించి మాట్లాడే చట్టాలు మూడు. మూడూ వేర్వేరు మాటలు వాడాయి.

1996 నాటి పెసా చట్టం, షెడ్యూలు ప్రాంతంలో ప్రాజెక్టులకు భూమి సేకరించే ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలంటుంది. సంప్రదించడం వేరు, సమ్మతి పొందడం వేరు. సభలో వద్దన్నా, సంప్రదించినట్లే లెక్క. ఈ చట్టానికి రాష్ట్రంలో నిబంధనలు రూపొందేందుకు 2011 దాకా పట్టింది.

2013 నాటి భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ఒక అడుగు ముందుకు వేసింది. షెడ్యూలు ప్రాంతంలో భూసేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి పొందాలంది. ఇది బలమైన మాటే. అయితే కొత్తగా భూమి సేకరించినప్పుడే ఇది వర్తిస్తుంది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం మరింత లోతుకు వెళ్లింది. చేపలు, ఇతర జల ఉత్పత్తులపై గ్రామ సమూహానికి హక్కు ఉందని, ఆదిమ గిరిజన సమూహాలకు తమ ఆవాస ప్రాంతంపై హక్కు ఉందని గుర్తించింది. అడవి భూమి మళ్లింపునకు గ్రామసభ తీర్మానం జతపరచాలని 2009 ఆగస్టులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఆదేశించింది. 2013 ఏప్రిల్‌లో ఒడిశాలోని నియమగిరి కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గ్రామసభల ముందే పెట్టమంది. పన్నెండు గ్రామసభలు సమావేశమై, పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించాయి. అయితే 2022 నాటి అటవీ నిబంధనలతో ఈ క్రమం మారింది. అటవీ హక్కుల చట్టం అమలు చూసే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వంపై పడింది. కేంద్రం ఆమోదం ముందు, గ్రామసభ మాట తర్వాత అన్న పరిస్థితికి తావు ఏర్పడింది.

అదే చట్టం 3(2) సెక్షన్, గ్రామానికి అవసరమైన పదమూడు రకాల వసతులకు సులభమార్గం చూపింది. హెక్టారుకు లోపు స్థలం, హెక్టారుకు 75కు మించని చెట్లు, గ్రామసభ సిఫారసు ఉంటే చాలు. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చౌక దుకాణం, తాగునీటి పథకం, రోడ్డు... అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. రేవు మాత్రం లేదు. రోడ్డు ద్వారా వెళ్లే ఊళ్లను దృష్టిలో ఉంచుకుని రాసిన జాబితా అది. నదే రోడ్డుగా బతికే ఊళ్లు చట్టకర్తల స్ఫురణకు వచ్చినట్లు లేదు.

ఇప్పుడు ఈ మూడింటినీ పోచవరం గట్టుకు అన్వయించి చూద్దాం. రేవు కట్టే స్థలం ముంపు కింద ఇదివరకే సేకరించినదైతే, కొత్తగా భూసేకరణ లేదు. కాబట్టి 2013 చట్టం సమ్మతి అడగమనదు, పెసా సంప్రదించమనదు. స్థలం నదీగర్భంలోనో, రెవెన్యూ పోరంబోకులోనో ఉంటే అడవి మళ్లింపు లేదు. కాబట్టి గ్రామసభ తీర్మానం జతపరచవలసిన పని లేదు. జలమార్గాల సంస్థ పరిశీలించేది ప్రధానంగా నౌకాయానానికి అడ్డంకి ఉందా లేదా అన్నదే. నౌకల చట్టం చూసేది పడవ భద్రతనే. ఫలితం? అయిదు తలుపులు తట్టి, అయిదు సంతకాలు సంపాదించి, రేవు మీద బతికే ఊరిని ఒక్క మాటా అడగకుండా రేవును సమూలంగా మార్చివేయవచ్చు. అది చట్టవిరుద్ధమని ఎవరూ అనలేని స్థితి. ఈ గట్టున పొంచి ఉన్న అసలు ప్రమాదం ఇదే.

ఏం పోతుంది?

అడగకపోతే పోయేదేమిటని కొందరు అనవచ్చు. పక్కా రేవు వస్తే ఊరికీ మంచిదే కదా అన్నది వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. మెట్లు, నీడ, మరుగుదొడ్డి, దీపం ఎవరికి చేదు?

అయితే రేవు రూపం మారితే దాని ధర్మమూ మారుతుంది. ఇప్పుడు నాటు పడవ కట్టే గూటం ఎవరి అనుమతీ అడగదు. వలలు ఆరబెట్టే ఇసుకకు అద్దె లేదు. యాత్రికుల రోజున వెదురు బొమ్మలు, వెదురు బొంగు వంటకాలు అమ్ముకునే కొండరెడ్ల బుట్టకు సుంకం లేదు. గేటు, టికెట్టు, పార్కింగ్ రుసుము, కేటాయించిన దుకాణాలు వచ్చిన నాడు వీరి స్థానం ఎక్కడ? ఊరి లాంచీకి పొద్దున తొమ్మిదింటికి రేవులో చోటు దొరుకుతుందా, పర్యాటక బోట్లు వెళ్లేదాకా ఆగాలా? నిర్మాణానికి ముందే తేలవలసిన ప్రశ్నలివి. కట్టిన తర్వాత అడిగితే గుత్తేదారు వైపు ఒప్పందం ఉంటుంది, ఊరి వైపు అలవాటు మాత్రమే ఉంటుంది. కోర్టుల్లో నిలబడేది ఒప్పందమే.

ఇంజినీర్ల కోణంలోనూ ఊరిని అడగడం అవసరమే. భద్రాచలం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కు జారీ చేస్తారు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఎండాకాలపు అడుగు నుంచి ఇంత ఎత్తు దాకా ఊగిసలాడే నదికి కాంక్రీటు మెట్లు ఏ మట్టం వద్ద కడతారు? పైగా పోలవరం నిండిన నాడు ఇప్పటి గట్టే నీటి అడుగుకు చేరుతుంది. ఏ ఏటి వరద ఎక్కడి దాకా వచ్చింది, ఏ మూల సుడి ఉంది, ఇసుక ఎటు జరుగుతోంది అన్నది కాగితాల్లో కంటే సరంగులకు, జాలరులకు బాగా తెలుసు.

ముంబయి చెప్పే సంగతి

అనుమతుల వల్ల జాప్యం తప్ప ప్రయోజనం లేదన్న వాదన తరచూ వినిపిస్తుంది. ముంబయి ఉదంతం చూస్తే ఆ మాట పూర్తిగా నిజం కాదని తేలుతుంది. గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి ఎలిఫెంటా దీవికి వెళ్లే పడవల రద్దీని తగ్గించేందుకు సమీపంలోని రేడియో క్లబ్ వద్ద మహారాష్ట్ర మారిటైం బోర్డు కొత్త జెట్టీ, ప్రయాణికుల టెర్మినల్ తలపెట్టింది. 2024 డిసెంబరు 18న నౌకాదళ స్పీడ్‌బోటు ఎలిఫెంటా పడవను ఢీకొని పలువురు మరణించడంతో కొత్త వసతి అవసరం మరింత చర్చకు వచ్చింది. స్థానిక నివాసులు మాత్రం తమను సంప్రదించలేదంటూ బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు.

2025 జులైలో హైకోర్టు ప్రాజెక్టును అనుమతించింది. అయితే షరతులు పెట్టింది. ప్రేక్షకుల కోసం ఉద్దేశించిన మెట్ల వేదికను ప్రయాణికులు వేచి ఉండే చోటుగానే వాడాలని, విందు వినోదాలకు తావు ఉండరాదని చెప్పింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. సారాంశమేమిటంటే రేవు రేవుగానే ఉండాలి, ప్రయాణికుల అవసరానికి మించిన హంగులు దానిపై స్వారీ చేయరాదు. ఈ షరతులు ముందే స్థానికులతో కూర్చుని రాసుకుని ఉంటే నెలల తరబడి కోర్టు వ్యాజ్యం తప్పేది. కొలాబా వాసులకు హైకోర్టు ఊళ్లోనే ఉంది. టేకుపల్లి, కొల్లూరు వాసులకు అది రెండు రోజుల ప్రయాణం. వారికి న్యాయం జరగాలంటే షరతులు కాగితం దశలోనే చేరాలి.

మార్గం లేకపోలేదు

చట్టాలను సవరించేదాకా ఆగనవసరం లేదు. ఉన్న చట్టాల పరిధిలోనే సక్రమమైన దారి ఉంది.

మొదట రెవెన్యూ, అటవీ, జలవనరుల శాఖలు ఉమ్మడి సర్వే జరిపి రేవు స్థలం ఏ తరగతి భూమో లిఖితపూర్వకంగా తేల్చాలి. సగం వివాదాలకు మూలం ఈ ఒక్క కాగితం లేకపోవడమే.

రెండోది, చట్టం నిర్బంధించకపోయినా రెండు గట్లలోని ఆవాసాల గ్రామసభలను ముందే సమావేశపరచాలి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభకు సగం మంది హాజరు కావాలి, వచ్చినవారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. అదే కొలమానాన్ని ఇక్కడా పాటించాలి. రేవు పటం, వరద మట్టాలు, రుసుముల పట్టిక అరటిపండు ఒలిచినట్లు వివరించాలి. కోయ మాట్లాడే చోట కోయలోనే చెప్పాలి. పునరావాస కాలనీలకు తరలిన కుటుంబాలను కూడా పిలవాలి. ఊరు కదిలినా, చేపల వేటకు, పోడుకు వారు ఈ గట్టుకే వస్తున్నారు.

మూడోది, కాంక్రీటు కట్టడానికి బదులు నీటితో పాటు లేచి దిగే తేలియాడే రేవు. దీనికి చెట్లు కొట్టనక్కర లేదు, ముంపు భయం లేదు. పోలవరం మట్టం మారితే జరుపుకోవచ్చు. జలమార్గాల సంస్థ తాత్కాలిక తరగతికి ఇచ్చే అయిదేళ్ల అనుమతి దీనికి సరిగ్గా సరిపోతుంది. అయిదేళ్లకోసారి పొడిగింపునకు వెళ్లేటప్పుడు గ్రామసభ అభిప్రాయాన్ని జతపరచాలన్న షరతు రాష్ట్ర ప్రభుత్వం తనంతట తానే విధించుకోవచ్చు. అప్పుడు సమ్మతి ఒక్కనాటి వేలిముద్ర కాక, కొనసాగే హక్కు అవుతుంది.

నాలుగోది, సమతా తీర్పు స్ఫూర్తితో రేవు నిర్వహణను ప్రభుత్వ పర్యాటక సంస్థ, స్థానిక గిరిజన సహకార సంఘం కలిసి చేపట్టాలి. ఊరి లాంచీకి, నాటు పడవలకు సుంకం లేని ప్రత్యేక చోటు అనుమతి పత్రంలోనే రాయాలి. రేవు రుసుములో గ్రామానికి వాటా నిర్ణయించాలి.

అయిదోది, రెండు రాష్ట్రాల మధ్య అవగాహన. టికెట్టు అమ్మేది భద్రాచలంలో, ఎక్కించేది పోచవరంలో అయినప్పుడు కౌంటరు లెక్క, కంట్రోల్ రూము లెక్క ఒక్కటి కావాలి. భద్రాచలం నీటిమట్టం పెరిగిన గంటలోనే దిగువ రేవులో పడవ ఆగాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, ఇద్దరు కలెక్టర్ల ఉమ్మడి ఉత్తర్వు చాలు.

ముందు ఊరిని, తర్వాత నదిని

పుష్కరాల పనులన్నీ గడువుతో పరుగెత్తేవే. హడావుడిలో టెండరు ముందు, గ్రామసభ తర్వాత అన్న క్రమం మన జిల్లాలకు కొత్త కాదు. పన్నెండు రోజుల పండుగ కోసం కట్టే మెట్లు వేరు, ఏడాది పొడవునా ఊరిని లోకంతో కలిపే రేవు వేరు. మొదటిదానికి గడువు ముఖ్యం, రెండోదానికి సమ్మతి ముఖ్యం. రెండింటినీ ఒకే అంచనా పత్రంలో కలిపితే నష్టపోయేది రెండోదే.

ముంపు పేరిట ఈ గట్టు ప్రజలు ఇళ్లు ఇచ్చారు, పొలాలు ఇచ్చారు, జిల్లా మారారు, రాష్ట్రం మారారు. ప్రతిసారీ వారు సమ్మతించినట్లు ఎక్కడో ఒక కాగితం ఉంది. ఈసారైనా ఆ కాగితం పోచవరం గట్టున, పేరంటపల్లి గట్టున, ఊరంతా కూర్చున్న సభలో రాయాలి. ఆ తీర్మానం మీద నిలిచే రేవును ఏ కోర్టూ ఆపదు.